చెవి పిన్ని, అరువు ముక్కు

"ష్... ఫ్యాను ఆపండి!"

పిన్ని ఆ మాట అన్నదంటే గోడౌను మొత్తం ఆగిపోవాల్సిందే. ఫ్యాను ఆగుతుంది, కాటా మీద ఊగుతున్న బస్తా ఆగుతుంది, హమాలీ మేస్త్రీ నోట్లో సగం చెప్పిన జోకు కూడా ఆగుతుంది. ఆవిడ తువ్వాలు మడిచి నేల మీద వేసుకుని, దాని మీద మోకాళ్లు ఆన్చి, పెసల బస్తాకి కుడి చెవి అంటించి కళ్లు మూసుకుంటుంది. పక్కగదిలో ఎవరో తన గురించే మాట్లాడుకుంటుంటే తలుపుకి చెవి పెట్టి వినేవాళ్ల ముఖం ఎలా ఉంటుందో, అచ్చం అలాగే ఉంటుంది.

"ఉన్నాయి. చిన్నవి. ఇంకా పళ్లు కూడా సరిగ్గా రాలేదు పాపం."

"పళ్లు వచ్చాయో లేదో కూడా వినపడుతుందా పిన్నీ నీకు?" అన్నాడు మేస్త్రీ.

"నీవి ఊడినవి కూడా నాకు వినపడుతున్నాయి. కాసేపు నోరు మూసుకో."

హమాలీలంతా గొల్లున నవ్వారు. పిన్ని మాత్రం లేచి, సుద్దముక్కతో బస్తా మీద ఒక నిలువు గీత గీసింది. ఆ గోడౌనులో చదువు మూడే మూడు అక్షరాలు. సున్నా చుడితే సరుకు బాగుంది, లోపలికి. ఒక గీత గీస్తే పురుగు ఉంది, ప్లాస్టిక్ షీటు కింద ఎండలో మగ్గబెట్టి, జల్లెడ పట్టి, విడిగా పెట్టాలి. ఇంటూ మార్కు పెడితే మాత్రం బూజు. దానికి మందూ లేదు మాకూ లేదు. వెనకాల గుంట తీసి పూడ్చేయడమే. అమ్మడానికి లేదు, పశువుల దాణాలో కలపడానికీ లేదు, ఎందుకంటే బూజు విషం గేదె కడుపులోకి వెళ్లి పాలల్లోంచి మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

ఈ పప్పుపురుగు సంగతి తెలిస్తే మీరూ ఓ నిమిషం దాన్ని మెచ్చుకుంటారు, పందెం. నువ్వుగింజంత ఉంటుంది తల్లి. గింజ మీద ఉప్పు రేణువంత తెల్లటి గుడ్డు జిగురుతో అంటించి పోతుంది. పిల్ల బయట ప్రపంచం మొహం కూడా చూడదు. గుడ్డు అడుగునుంచే తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది. మూడు నాలుగు వారాలు లోపలే కూర్చుని తిండి. బయటపడేముందు గుండ్రటి కిటికీ ఒకటి లోపలినుంచే చెక్కుకుని, పైన పల్చటి పొర మాత్రం ఉంచుతుంది. రెక్కలు రాగానే ఆ పొర నెట్టుకుని బయటికి. ఇక అక్కణ్ణుంచి గింజ ముట్టదు! చిన్నప్పుడు తిన్న తిండితోనే పెళ్లి, పిల్లలు, చావు, అన్నీ పదిరోజుల్లో. అందుకే పురుగు పైన కనిపించేసరికే లోపల సంసారం అంతా అయిపోయి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట పుచ్చిన పెసరగింజను చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం.

అది కనిపించకముందే వినగలగడం పిన్ని గొప్ప. ఉద్యోగంలో చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం తిని బస్తా మీద తల పెట్టి కునుకు తీయబోతే, లోపల కిటకిటమని ఏదో కొరుకుతున్న చప్పుడు. ఎలుక అనుకుని లేచి దులిపింది. ఎలుక లేదు. వారం తిరిగేసరికి అదే బస్తాలోంచి వందల పురుగులు బిలబిలమంటూ వచ్చాయి. ఆ రోజునుంచి ఆవిడ చెవి పిన్ని అయిపోయింది. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

సరే, పురుగుని పట్టడానికి చెవి ఉంది. బూజు చప్పుడు చేయదు కదా? దానికి ముక్కు కావాలి. బస్తాలో గొట్టం గుచ్చి, మధ్యలోంచి గింజలు తీసి, గుప్పిట్లో పట్టుకుని ఊది వాసన చూడాలి. ముక్కిపోయిన వాసన కొంచెం తగిలినా ఇంటూ మార్కే. పిన్ని ముక్కు కూడా చెవికేమీ తీసిపోయేది కాదు.

రెండేళ్ల కిందటి జ్వరం దాకా.

జ్వరం తగ్గింది, నీరసం తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి ఆవిడకి తెలిసిన తీరు కూడా తమాషాయే. వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. వీధి గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారు "పాలు మాడిపోతున్నాయే తల్లీ, నిద్రపోతున్నావా?" అని కేక వేసేదాకా, మూరెడు దూరంలో గిన్నె నల్లబడిపోతున్నా తనకి తెలియలేదు.

ఆ అత్తగారి ముక్కు గురించి వేరే చెప్పాలి. పైవాటా ఆవిడ సబ్బు మార్చిందంటే ఈవిడకి మెట్ల మీదే తెలిసిపోతుంది. బస్సు డ్రైవరైన కొడుకు ఇంట్లో అడుగు పెట్టగానే "ఇవాళ కొత్త బండి ఇచ్చారేంరా? సీట్ల వాసన వస్తోంది" అంటుంది. అలాంటి ముక్కుతో ఒకే ఇంట్లో ఉండటం ఏ కోడలికైనా కత్తిమీద సామే. కానీ ఆ రోజు మాడిన గిన్నె తోముతూ తోముతూ పిన్ని ఆలోచించింది. వాసన తెలియదని మేనేజరుకి చెబితే పరీక్ష చేసే పని పోతుంది. బస్తాలు కుట్టే పనికి పంపిస్తారు. ఆవిడకి సూది అంటే భయం లేదు కానీ, ఈ పనంటే ప్రాణం.

మర్నాటినుంచి సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు టిఫిన్ డబ్బాలో నాలుగు గుప్పిళ్ల గింజలు రావడం మొదలైంది.

"అత్తయ్యా, ఈ శనగలు కొందామనుకుంటున్నాను. ఒక్కసారి చూడండి."

అత్తగారు డబ్బా ముక్కు దగ్గర పెట్టుకునేది. "వీటి పక్కన ఎవడో కిరసనాయిలు డబ్బా పెట్టాడు. వద్దు." ఇంకోరోజు, "ఇవి తడిసి ఆరినవి. పారేయమను." మరోరోజు, "ఇవి బాగున్నాయే. కొను."

మర్నాడు ఇంటికి శనగలు వచ్చేవి కావు.

"ఏవే, కొంటానన్నావు?"

"అయిపోయాయి అత్తయ్యా."

"వందల బస్తాలున్న గోడౌనులో పనిచేస్తూ గుప్పెడు శనగలు తెచ్చుకోలేకపోతున్నావు చూడు, అదీ నీ తెలివి!"

గోడౌనులో మాత్రం ఆవిడ గౌరవం ఇంకా పెరిగింది. "మా చెవి పిన్ని తొందరపడదండీ. ఒకరోజు ఆలోచించుకుని గానీ మార్కు పెట్టదు" అని మేనేజరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ పొగడ్త వింటున్నప్పుడల్లా పిన్ని తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని సుద్దముక్క అరగదీసేది.

ఇలా రెండేళ్లు నడిచిపోయింది. ఆ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ట్రాక్టరక్క వచ్చింది.

ట్రాక్టరక్క అంటే సొంత ట్రాక్టరు తానే తోలుకునే రైతు. పొలంలో దిగి రెండేళ్లే అయింది. మొదటి పంట పోయింది. రెండో పంట ఈ అరవై బస్తాల శనగలు. గోడౌనువాళ్లు వీటిని విత్తనానికి తీసుకుంటామన్నారు. అంటే వచ్చే ఏడాది చుట్టుపక్కల రైతులందరి పొలాల్లో మొలిచేది ఈవిడ శనగలే.

"పిన్నిగారూ, డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టాను. ఒక్కో గింజకీ స్నానం చేయించి జడ వేసినట్టు చూసుకున్నాను. సున్నా చుట్టాలి మీరు!"

"స్నానం చేయిస్తే మాత్రం ఇంటూ మార్కే పెడతాను," అంది పిన్ని నవ్వుతూ.

అరవై బస్తాలూ విన్నది. నిశ్శబ్దం. ఒక్క పురుగు లేదు. ఒక్కో బస్తాలోంచి చిటికెడు చొప్పున గింజలు తీసింది. ఇంటి బస్సుకి టైమైపోతోంది. టిఫిన్ డబ్బా కుళాయి కింద గబగబా కడిగి, ఒక్కసారి విదిలించి, గింజలు పోసి, మూత నొక్కి పరుగెత్తింది.

ఇంటికి వెళ్తే అత్తగారు లేదు. కూతురింటికి వెళ్లింది, సోమవారం పొద్దున్న గానీ రాదు. శని, ఆదివారాలు గోడౌను సెలవే కదా, కొంప మునిగిపోదులే అనుకుని డబ్బాను వంటింటి కిటికీలో పెట్టింది. ఎండ బాగా తగిలే కిటికీ.

సోమవారం పొద్దున్నే అత్తగారు వచ్చి, చెప్పులు విప్పకుండానే డబ్బా మూత తీసి మొహం తిప్పేసుకుంది.

"ఛీ ఛీ! ముక్కిపోయాయే! ఎవరమ్మిన సరుకే ఇది? వాడి నోట్లో పొయ్యండి!"

పిన్నికి ట్రాక్టరక్క నవ్వు గుర్తొచ్చింది. కానీ అత్తగారి ముక్కు ఇంతవరకూ తప్పలేదు. డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకుని గోడౌనుకి వెళ్లి, అరవై బస్తాల మీదా అరవై ఇంటూ మార్కులు పెట్టింది. మేనేజరు తల పట్టుకున్నాడు. మేస్త్రీ మనుషులు పారలు తీసుకుని గుంట తవ్వడానికి వెనక్కి వెళ్లారు.

పదింటికి ట్రాక్టరక్క వచ్చింది. మార్కులు చూసి మొదట నవ్వింది, ఎవరో పరాచికాలాడారనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నా శనగలకి బూజా? ఎక్కడ? చూపించండి!"

మేనేజరు తేమ మీటరు తెచ్చి పెట్టాడు. పది శాతం. చక్కగా ఆరిన సరుకు.

"మీటరు ఇవాళ తడి ఉందా లేదా అనే చెప్తుందమ్మా," అన్నాడు ఇబ్బందిగా. "ఎప్పుడో తడిసి, బూజు పట్టి, మళ్లీ ఆరితే దానికేం తెలుస్తుంది? అందుకేగా పిన్ని ముక్కు మాకు."

ట్రాక్టరక్క బస్తాలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని కొరికింది.

కటుక్.

పిన్ని తల ఎత్తింది. ఆ చప్పుడు ఆవిడకి బాగా తెలుసు. తడి తగిలిన శనగ పంటికింద మెత్తగా అణుగుతుంది, ఇలా పగలదు. ఇది ఎండలో పుట్టి ఎండలోనే పెరిగిన గింజ చప్పుడు.

"ఇంకో బస్తాలోది కొరుకు," అంది.

కటుక్.

"ఇంకోటి."

కటుక్.

పిన్ని సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. మూత తిప్పి చూసింది. లోపలి అంచంతా సన్నటి నీటిబొట్లు. పైన గింజలు బాగానే ఉన్నాయి. చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికితే, కింది గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలా వచ్చాయి, చుట్టూ బూడిదరంగు నూగు. డబ్బా ఆరబెట్టకుండా మూత పెట్టింది తనే. కిటికీలో ఎండకి పెట్టింది తనే. తడి, వేడి, గాలి ఆడని మూత. ఇంతకంటే బూజుకి ఏం కావాలి? "తడి సంచుల్లో పోయకండి బాబూ" అని వచ్చిన ప్రతి రైతుకీ చెవిలో జోరీగలా చెప్పే మనిషి, తడి డబ్బాలో పోసింది!

ఇప్పుడేం చేయాలి? తువ్వాలుతో ఇంటూ మార్కులు చెరిపి సున్నాలు చుట్టేయవచ్చు. పొరపాటయింది అంటే నమ్ముతారు. కానీ బస్తాల్లో నిజంగా బూజు లేదని తనకి మాత్రం ఏం తెలుసు? ఏ ఒక్క బస్తాలో ఉన్నా, అది విత్తనం గదిలోకి పోతుంది. పొద్దున్న ఊరికే ఇంటూ పెట్టింది, ఇప్పుడు ఊరికే సున్నా పెడుతుందా? వెనకనుంచి పారల చప్పుడు దబ్ దబ్‌మని వినిపిస్తూనే ఉంది.

"సార్," అంది పిన్ని. డబ్బా ఆయన ముందు పెట్టింది. మళ్లీ అంది. "సార్, నాకు వాసన తెలీదు."

"ఏమిటీ?"

"రెండేళ్లయింది. జ్వరంలో పోయింది. పాలు మాడినా తెలీదు, డ్రైనేజీ పొంగినా తెలీదు. ఈ బూజు ఈవిడ బస్తాల్లోది కాదు, నా డబ్బాలో పుట్టింది. బస్తాల్లో ఉందో లేదో నాకు తెలీదు. తప్పు నాది."

గోడౌనులో ఎవరూ ఫ్యాను ఆపమనలేదు గానీ అంతా అలాగే ఆగిపోయింది. ముందుగా తేరుకున్నది మేస్త్రీ.

"మరి రెండేళ్లుగా ఎవరి ముక్కుతో పని చేశావు పిన్నీ?"

"మా అత్తగారి ముక్కుతో."

మేస్త్రీ రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. "చెవి పిన్ని, చెవి పిన్ని అంటుంటే, మా చెవుల్లోనే పువ్వులు పెట్టావు కదమ్మా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ట్రాక్టరక్క నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఎర్రబడ్డ మొహంతో స్కూటరు తాళాలు జేబులోంచి తీశాడు.

"ఇంటి అడ్రసు చెప్పు. ముందు ఆ ముక్కుని తీసుకొస్తాను. తర్వాత మాట్లాడతా నీతో."

అరగంటలో అత్తగారు స్కూటరు దిగింది. దిగీ దిగగానే హెల్మెట్ తీసి మేనేజరు చేతికిచ్చి, "బాబూ, నెలకోసారైనా దీన్ని ఎండలో పెట్టు. తల తిరిగిపోయింది" అంది. హమాలీలు మొహాలు తిప్పుకుని నవ్వారు. తర్వాత ఆవిడ బస్తాల దొంతరలవైపు చూసింది, కోడలి చేతిలో టిఫిన్ డబ్బా చూసింది, సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది.

"అదా సంగతి! రెండేళ్లుగా గింజలు చూపించడం, ఒక్కనాడూ వండకపోవడం! నాకు మతిపోయిందేమో, రోజూ అదే కలగంటున్నానేమో అని డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నానే!"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"తప్పు సంగతి ఇంటికెళ్లి చూసుకుందాం. ముక్కు పోయిందని నాకు చెప్పడానికేం? నేనేమైనా కొరుకుతానా?"

"మీరు మాటలంటారని..."

"అంటాను. ఇప్పుడు అనడం లేదూ? మాటలకేం, చచ్చిపోతావా? ఏదీ, కుర్చీ వెయ్యండి."

పిన్ని గొట్టం గుచ్చి గింజలు తీయడం, అత్తగారు గుప్పిట్లో పట్టి ఊది వాసన చూడడం. పది బస్తాలకోసారి తన మోచేతి మడతలో ముక్కు దూర్చి పీల్చి, "ఆఁ, ముక్కు కడుక్కున్నాను, ఇంకోటి తే" అనేది. ముప్పై దాటాయి. అన్నీ సున్నాలే. ట్రాక్టరక్క ఒక్కో సున్నాకీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతూ చివరికి అత్తగారి కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

నలభై ఒకటో బస్తా దగ్గర అత్తగారి ముక్కు ముడుచుకుంది.

"ఇది కాదు."

పిన్ని ఆ బస్తాకి చెవి పెట్టింది. నిశ్శబ్దమే. కొరికితే కటుక్‌మనే అంది. కానీ గింజలు రెండుగా చీల్చి చూస్తే బద్దల మధ్య ఆకుపచ్చగా సన్నటి చార. ట్రాక్టరక్క నాలుక కరుచుకుంది.

"వాన పడ్డరోజు ఒక్క బస్తా షెడ్డు గోడకి ఆనించి మర్చిపోయాను. మర్నాడు ఎండలో పోసి ఆరబెట్టేశాను కదా, ఏం కాదులే అనుకున్నా. ఏ బస్తానో గుర్తు కూడా లేదు నాకు."

పిన్ని ఆ బస్తా మీదున్న ఇంటూ మార్కుని ఇంకోసారి దిద్దింది. అరవై చిటికెల్లో దీని చిటికెడు కలిసిపోయి ఉండేది. పొద్దున్న తువ్వాలుతో తుడిచేసి ఉంటే ఇదీ విత్తనం గదిలోనే ఉండేది. ఇకమీదట ఒక్కో బస్తానీ విడిగానే చూడాలి, అని గట్టిగానే అంది, మేనేజరుకి వినపడేలా.

నాలుగింటికి పని అయింది. యాభై తొమ్మిది సున్నాలు. ట్రాక్టరక్క అత్తగారిని కుర్చీతో సహా ఎత్తేయబోతే ఆవిడ "దించవే, నడుం పడుతుంది!" అని అరిచింది. వెనకాల గుంట తవ్వినవాళ్లు ఒక్క బస్తా మోసుకెళ్లి గుంటలో వేసి, పైకి వచ్చి నెత్తి గోక్కున్నారు.

"మేస్త్రీ, అరవై బస్తాల గుంటలో ఒక్క బస్తానా? మిగతా చోటు ఏం చేద్దాం?"

"పూడ్చండ్రా. నడుం నొప్పులు కూడా అందులోనే వేసి పూడ్చండి."

అప్పుడు మేనేజరు గొంతు సవరించుకుని పిన్నివైపు తిరిగాడు. "రెండేళ్లు! రెండేళ్లు నన్ను..."

"ఆగు బాబూ," అంది అత్తగారు కుర్చీలోంచి. "మా కోడల్ని తిట్టే హక్కు నాది. మధ్యలో నువ్వెవరు? అయినా ఈ రెండేళ్లలో ఒక్క బూజు బస్తా అయినా లోపలికి వెళ్లిందా?"

మేనేజరు ఆలోచించాడు. వెళ్లలేదు.

"మరింకేం? చెవి దానిది, ముక్కు నాది. నీకు రెండూ ఒకే మనిషికి ఉండాలని పట్టింపేమైనా ఉందా?"

మేనేజరుకి అలాంటి పట్టింపు ఏదీ గుర్తు రాలేదు. మర్నాటినుంచి ప్రతి బస్తా మీదా రెండు మార్కులు ఉండాలని కాగితం రాశాడు. ఒకటి విన్నవాళ్లది, ఒకటి వాసన చూసినవాళ్లది. రెండో పనికి జీతం ఎంత అని అడిగితే అత్తగారు చెప్పిన లెక్క విని ఆయన కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది గానీ, చివరికి పూటపనికి ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు అత్తాకోడళ్లిద్దరూ ఒకే బస్సులో వస్తారు, దారి పొడుగునా కీచులాడుకుంటూ. పిన్ని వింటుంది, అత్తగారు వాసన చూస్తుంది. అందరూ టీలకి వెళ్లినప్పుడు మాత్రం పిన్ని గుప్పెడు గింజలు ఆవిడ ముందు పెట్టి అడుగుతుంది.

"ఇవెలా ఉన్నాయి అత్తయ్యా? బాగున్నాయి అని కాదు, ఎలా ఉన్నాయో చెప్పండి."

అత్తగారు కళ్లు మూసుకుని తీరిగ్గా పీలుస్తుంది. "ఇవా... మధ్యాహ్నం ఎండలో ఆరిన దుప్పటి మడత పెడుతుంటే వచ్చేది గుర్తుందా? అది. దాని వెనకాల కొంచెం మట్టి. మొదటి చినుకు మట్టి కాదు, కాలికింద నలిగిన పొడిమట్టి."

పిన్ని ఖాళీ ముక్కుతో గట్టిగా పీలుస్తుంది. రెండేళ్లుగా ఏమీ లేనిచోట ఆ దుప్పటి మడత విచ్చుకుంటున్నట్టు అనిపించి నవ్వొస్తుంది.

"ఇంకా అత్తయ్యా?"

"ఇంకా చెప్తాగానీ, ముందు టీకి పోకుండా ఆ దొంతర మీద పడుకున్న మేస్త్రీని లేపి అవతలికి పంపు. ఆ చొక్కా ఉన్నంతసేపూ నాకు శనగలు అందవు."